గేటు పక్క ఆముదం చెట్టు

తూంకుంట
నవంబరు 1999, మంగళవారం రాత్రి

పొద్దున గేటు పక్కనున్న ఆముదం చెట్టును నరికించేశాను. నిన్న పక్కింటి పాప రాలిన మచ్చల గింజల్ని గుప్పిట్లో పట్టుకుని నోటిదాకా తెచ్చింది. ఆ గింజల్లో విషముంటుందని ఏటా కాలేజీలో చెప్పేదాన్ని నేనే. ఎలా ఊరుకుంటాను?

సాయంత్రం పాలు పోసే అవ్వ వచ్చింది. రోజూ రెండాకులు కోసుకెళ్లి, వెచ్చజేసి మోకాళ్లకు కట్టుకుంటుంది. నరికిన కొమ్మల్ని చూసి అక్కడే నిలబడిపోయింది.

"ఏంది బిడ్డా, చెట్టునే కొట్టేయిస్తివి? కాయలు ఎండి పగలకముందే గెల తెంపితే అయిపోతుండె గదా. గంత సదువుకున్నవ్!"

ఆముదం కాయ ఎండితే పగిలి గింజల్ని దూరంగా చిమ్ముతుందని ఇరవయ్యేళ్లుగా బొమ్మ గీసి మరీ చెబుతున్నాను. గెలను ముందే తెంపవచ్చని మాత్రం తట్టలేదు. పాప కోసం నరికించానా, నా భయం కోసమా?

"ఇగ నా మోకాళ్ల సంగతేంది?" అని నవ్వుతూనే వాడిపోని ఆకులన్నీ ఏరుకుంది. వెళ్తూ వెళ్తూ, "మొదలున్నది గదా, మల్ల సిగురేస్తది తియ్" అంది. నన్ను ఓదార్చడానికే అందేమో. అది నిజమో కాదో పుస్తకం తీసి చూడబుద్ధి కాలేదు. ఇప్పుడే వెళ్లి ఆ మొదలుకు రెండు చెంబుల నీళ్లు పోసి వచ్చాను.