అమ్మవారి కల్లు

మంగళవారం, రాత్రి

పదో తరగతి చదివే నా కొడుకు సాయి ఈ రోజు బడిలో కల్లు తాగి పడిపోయాడు. వాణ్ని ఇంటికి తెచ్చి పడుకోబెట్టి, పోలీసులకు ఫిర్యాదు రాసుకుని చాంద్రాయణగుట్ట కల్లు దుకాణానికి ఉరికాను.

"ఇరవై ఒక్కటి నిండనోళ్లకు అమ్మొద్దని గోడ మీద నువ్వే రాసిపెట్టినవు. నా పోరనికి ఎట్ల పోసినవ్? కేసు పెడతా!" అని లొల్లి చేశాను.

దుకాణం యాదగిరి తల వంచుకున్నాడు. "తప్పే అక్కా. గానీ ఏటా బోనాలకు అమ్మవారి ముంగట సాక పొయ్యనీకి కల్లు తెమ్మని వాన్నే పంపిస్తివి. ఇయ్యాల గూడ అమ్మ పంపిందన్నడు, పోసిన."

వెనక్కి తిరిగి ఇంటికొచ్చేశాను. ఫిర్యాదు కాగితం ఇంకా బ్యాగులోనే ఉంది. రేపు ఇస్తానో లేదో...

అమ్మవారి కల్లు కోసం మొదటిసారి సీసా చేతికిచ్చి పంపినప్పుడు వాడికి తొమ్మిదేళ్లు. రోడ్డు చూసి దాటమని చెప్పాను. అంతే చెప్పాను.