పచ్చరంగు పూసిన వాల్వు

తెరచాప పడవ ఒకటి, కూతురు ఒకతె, ఒక అక్క, ఒక తమ్ముడు గల నేను, ఎవరి ఒత్తిడీ లేకుండా, పూర్తి స్పృహతో, నా దస్తూరీతో రాస్తున్న ఆఖరి వీలునామా ఇది. గుండె మొరాయిస్తోంది గాని బుర్ర బాగానే ఉంది. ఆ మాట డాక్టరు చేత రాయించి జతచేశాను, మా తమ్ముడికి అనుమానం రాకుండా.

1. ఈ వీలునామా అమలు బాధ్యత మా అక్కది. అక్క నోట్లో నువ్వుగింజ నానదని ఇంటిల్లిపాదీ అంటారు. నా గుట్టు మాత్రం చిన్నప్పటి నుంచీ దాచింది. కాబట్టి దీన్ని ముందుగా తను ఒక్కతే చదవాలి. ఐదో నిబంధన జరిగాకే తమ్ముడికి చూపాలి.

2. రేవు వీధిలోని మేడగదీ, అందులోని సామానూ నా కూతురికి చెందుతాయి. వానకి కిటికీ రెక్క బిగుసుకుంటుంది. లాగకమ్మా, కిందనుంచి గుద్దు.

3. తెరచాపలు కుట్టే ఆవిడకు నా రేడియో. ఇన్నేళ్ళూ నా పాటలు భరించింది, ఇకనైనా మంచివి వినాలి.

4. తమ్ముడి విషయం. పడవ అడుగున, నీటిమట్టానికి కింద, నీరు రావడానికీ పోవడానికీ రంధ్రాలుంటాయి. ఒక్కోదానికి ఒక వాల్వు. అది విరిగిందా, సముద్రం లోపలికొస్తుంది. మావి పాత ఇత్తడివి, ఉప్పునీళ్ళకు డొల్లబారాయి. కిందటి వేసవిలో పడవను ఒడ్డెక్కించి, అవి తీసేసి కంచువి బిగించమని తమ్ముడికి అప్పగించాను. పడవల రిపేరే వాడి వృత్తి, నేను నేర్పిందే. "అన్నీ మార్చేశానన్నయ్యా, ఇక గుండెల మీద చెయ్యేసుకుని పడుకో" అన్నాడు.

మా రేవులో ఒక పద్ధతి ఉంది. వాల్వులు బిగించినవాడే మొదటి ప్రయాణంలో అడుగు పలకలు తెరిచి, నీరు ఊరుతోందేమో చూస్తూ కూర్చోవాలి. ఆ ఉదయం వాడికి కడుపునొప్పి వచ్చింది. పాపం, పడుకోరా అని నేనూ అమ్మాయీ బయల్దేరాం. ఒడ్డు ఇంకా కనబడుతుండగానే, పడవలోని మరుగుదొడ్డి వెనక వాల్వు మూయబోతే పిడితో సహా నా చేతికొచ్చింది. నీళ్ళు ఎగజిమ్మాయి. పక్కన తాడుతో కట్టి ఉంచే కొయ్య బిరడాను అమ్మాయి రంధ్రంలో దూర్చి, చెప్పుతో కొట్టి బిగించింది. లేకపోతే ఇది రాయడానికి నేనూ లేను, అందుకోవడానికి తనూ లేదు.

విరిగిన ముక్క చూశాను. పైన నిగనిగలాడే పచ్చరంగు, లోపల అదే పాత ఇత్తడి, బిస్కెట్‌లా పొడిపొడి. చేతికందినవి మార్చి, పాకితే గాని అందనిదానికి రంగు పూశాడు. బద్ధకమే అయితే నాలుగు తిట్టి ఊరుకునేవాణ్ణి. కానీ కడుపునొప్పి ఎందుకొచ్చింది? తనకు ఎక్కే ధైర్యం లేని పడవలో నన్నూ, తను భుజాన మోసిన పిల్లనూ ఎక్కించాడు. తడిగుడ్డతో గొంతు కోశాడు. అది నాకు ఈనాటికీ మింగుడుపడటం లేదు.

వాల్వు విరిగిందని వాడికి చెప్పలేదు. గొట్టం జారి నీళ్ళొచ్చాయన్నాను, నిజం వాడే చెబుతాడని. "జాగ్రత్తన్నయ్యా" అన్నాడు, టీ తాగాడు, వెళ్ళాడు. వాడు ఊళ్ళో లేనప్పుడు నేనూ అమ్మాయీ కలిసి కంచు వాల్వు బిగించాం. దానికీ అదే పచ్చరంగు పూశాం.

5. పడవలో సగం నా కూతురిది. మిగతా సగం ఇలా తేలాలి: నేను పోయాక, గాలి నిలకడగా ఉన్న ఒక ఉదయం, అమ్మాయి ఒంటరిగా పడవ తీస్తోందని చెప్పి అక్క వాణ్ణి రేవుకు పిలవాలి. ఇంకేమీ అనకూడదు. ఆ రంగు కింద పాత ఇత్తడే ఉందని వాడి నమ్మకం. "ఎక్కకమ్మా, అది నేను మార్చలేదు" అన్నాడా, సగం పడవా, నా పనిముట్ల పెట్టే వాడివే. చెయ్యి ఊపి సాగనంపాడా, ఆ సగమూ పెట్టే అమ్మాయివే, విరిగిన వాల్వు వాడిది. అది అమ్మాయి జేబులో సిద్ధంగా ఉంటుంది.

ఆ ఒక్క మాట నా చెవులతో వినాలని ఎంతగానో కోరుకున్నాను, వినలేదు. అక్కా, వాడు ఆ మాట అంటే మాత్రం నువ్వు ఒక్క మాటా అనకు. దగ్గరికి తీసుకో.

నవంబరు రెండు, మేడగదిలో.

(సంతకం) పడవ యజమాని

ఆయన సంతకం చేస్తుండగా చూసిన సాక్షులు:
కింది వాటాలోని నర్సు
రేవులో తాళ్ళు అమ్మే ముసలాయన