ధర తేలకముందే దండ

శ్రేయ నాయినా,

కుక్కర్లో అన్నం ఉంది, పప్పు వేడి చేసుకో. నేనూ శ్రేయా హనుమకొండలో ఇంకో కార్ల షోరూముకి పోతున్నాం. తొర్రూరు షోరూము నుంచి ఫోన్ వస్తే ఎత్తకు. పొరపాటున ఎత్తితే "మా ఇంటామె ఒప్పుకుంటలేదు" అని పెట్టెయ్. నిన్న నువ్వు మాట్లాడింది ఏడాదికి సరిపోతుంది.

బేరానికి పోదాం రమ్మంటే కొబ్బరికాయ, బంతిపూల దండ, నాలుగు నిమ్మకాయలు సంచిలో వేసుకొని వచ్చే మొగుడు మహబూబాబాద్ జిల్లా మొత్తానికి నువ్వొక్కడివే. ధర తేలకముందే దండ తేలింది. ఆ సేల్స్ ఆయన సంచిలోకి తొంగిచూసి, "సార్, నాలుగు టైర్లకు నాలుగు నిమ్మకాయలు గూడ తెచ్చుకున్నరు. ఇగ తగ్గించుడేంది?" అని నవ్వాడు. నువ్వూ నవ్వావు! పైగా "సోమవారం లోపల కావాలె తమ్మీ" అని తొందర కూడా అప్పజెప్పావు. గంటసేపు నేను గాలి కొట్టిన బేరాన్ని నిమిషంలో పంక్చర్ చేశావు.

సోమవారం మా అమ్మను వరంగల్ దవాఖానకు తీసుకెళ్లాలనే నీ ఆత్రమని నాకు తెలుసు. పోయినసారి బస్సులో సీటు దొరక్క, ఆమెను దారి పొడుగునా నీ భుజానికి ఆనించుకొని నిలబడ్డావట. అమ్మే చెప్పింది. అందుకే ఎక్కువ తిట్టలేదు. ఇది తక్కువే.

సుశీల

మరిచిపోయా: హనుమకొండ వాళ్లూ తగ్గించకపోతే, అడిగినంతకే కొని వస్తా. ఈ సంగతి శ్రేయకు చెప్పలేదు. అది నీ పోలిక, మొహంలోనే అన్నీ కనిపిస్తాయి.