గేదె నోట్లో చెయ్యి పెట్టకు

నాయనా చెంచూ, పశువుల డాక్టరును పిలుచుకురావడానికి తెనాలి బస్సెక్కుతున్నాను. కోళ్లు గేదె సొంగలో పొడుచుకు తింటున్నాయి, గంప కింద మూసిపెట్టు. పాలు పిండకు. పిల్లల్ని పాకలోకి పోనివ్వకు. గేదెకు గొంతులో ఏదో అడ్డంపడిందనుకుని నోట్లో చెయ్యి పెట్టేవు! కిందటి నెల పాకలో దూరిన పిచ్చికుక్క దాన్ని కరిచి ఉంటుంది. అమృతలూరులో మా బాబాయి ఇలాగే ఎద్దు నోట్లో చెయ్యి పెట్టాడు. ఆనక మంచినీళ్ల చెంబు చూసి కేకలు పెడుతూనే పోయాడు. నా మాట ఏనాడు విన్నావు గనక! ఉట్టి మీద గోంగూర పచ్చడి ఉంది, అన్నం తిను.

అమ్మ

పొద్దున నువ్వు దాని నోట్లోంచి గడ్డి లాగావని పక్కింటి మీనాక్షి ఇప్పుడే చెప్పింది. అన్నం తర్వాత తిందువుగాని. చేతులు సబ్బుతో బాగా రుద్ది కడుక్కుని, పిల్లల్ని మీనాక్షికి అప్పజెప్పి, వచ్చే బస్సుకే తెనాలి ఆసుపత్రికి రా. గుమ్మంలోనే నిలబడి ఉంటాను.