కుడి పక్క ఏడో సందు

మాండవి,
మే 9, గురువారం.

వేల్‌బాయీ,

పడమటి గాలి. ఎండ ఎక్కువ, రుక్మావతి ఏటి మొగలో నీళ్లు తక్కువ. పొద్దున రెండు కుండల నీళ్లు తెచ్చి, తులసికి పోశాను. నాకు రోజుచిట్టా రాయడమే వచ్చు. అందుకే ఉత్తరం కూడా ఇలా మొదలైంది.

నువ్వు పెళ్లికని ముంద్రాలో మీ అన్న కాంజీ ఇంటికి వెళ్లి మూడు నెలలైంది. పెళ్లి నాలుగు రోజులే. మిగతా రోజులు ఎందుకో నేను అడగలేదు, తెలుసు కనక. వెళ్లే ముందు, ఓడ పలకల సందుల్లో కూరడానికి ఎప్పటిలాగే దూది పేని, నూనెలో తడిపి ఇచ్చావు. కుడి పక్క ఏడో సందులోది వదులుగా ఉందనిపించింది. నువ్వు రొట్టెలు చేయడానికి వెళ్లినప్పుడు అంతా లాగేసి, నేనే పేని మళ్లీ కూరాను. తిరిగొచ్చి, కింద పడున్న దూది చూశావు. ఏరి కొంగున మూట కట్టుకున్నావు. ఇరవై ఆరేళ్లలో నీ చేతి దూది నేను తీసేయడం అదే మొదలు. నువ్వూ ఏమీ అనలేదు, నేనూ అనలేదు.

నిన్న కారుతుందేమో చూద్దామని ఓడ లోపల నీళ్లు నింపాం. బీచ్‌లో ఒంటె తిప్పే ఓస్మాన్ ఇద్దరు టూరిస్టు పిల్లల్ని ఎక్కించుకుని వచ్చాడు.

"అంకుల్, ఇది హోటలా? లోపల కూర్చోవచ్చా?" అని ఒక అమ్మాయి అడిగింది.

"కూర్చోవచ్చు తల్లీ, ఈత వస్తే" అన్నాడు వాడు. తర్వాత కుడి పక్కకి చూసి, "మిస్త్రీ, నీ ఓడకి చెమట పడుతోంది. ఎవరు కూరారు ఆ సందు?"

"నేనే."

"వదినని పుట్టింటికి పంపితే ఇంతే మరి."

కారింది ఆ ఒక్క సందే. నీ చేతివి ఒక్కటీ తడవలేదు. ఈ మాట నోటితో చెప్పలేక రాస్తున్నాను.

మొన్న సాయంత్రం గాలిమరల వైపు ఒక్కణ్నే నడిచాను. రెండు దాబేలీలు కొన్నాను. ఒకటి తిని, రెండోది ఇంటికి తెచ్చాను. నువ్వు లేవని ఇంటికొచ్చాక గాని గుర్తు రాలేదు.

పున్నమి పోటుకి, 25న, ఓడ దించాలి. అది తప్పితే వానాకాలం పోయేదాకా ఇసుకలోనే. దూది పేనిన చెయ్యే ఓడ ముక్కుకి కుంకుమ పెట్టాలని మా నాన్న పెట్టిన ఆనవాయితీ నీకు తెలుసు. నీళ్లు వదిలేసి, ఏడో సందు విప్పేశాను. ఖాళీగా ఉంచాను.

ఇట్లు,
లధా

మాండవి,
మే 24, శుక్రవారం.

వేల్‌బాయీ,

గాలి తగ్గింది. మబ్బు లేదు. పొద్దున ఇల్లు ఊడ్చాను.

మేనకోడలితో రాయించిన నీ జాబు నిన్న అందింది. "తీసేసినందుకు కాదు నేను వచ్చేసింది. ఆ రోజు చెయ్యి తిమ్మిరెక్కి వదులుగానే పేనాను, నాకూ తెలుసు. 'వేలూ, ఇది వదులుగా ఉంది' అని ఒక్క మాట అంటే మీ నోటి ముత్యాలు రాలేవా?" అన్నావు. వస్తాననీ లేదు, రాననీ లేదు.

చెయ్యి ఎప్పటినుంచి తిమ్మిరెక్కుతోంది? నా రోజుచిట్టా అంతా తిరగేశాను. గాలి ఏ దిక్కునుంచి వీచిందో ప్రతి రోజూ ఉంది. నీ చెయ్యి గురించి ఒక్క రోజూ లేదు.

ఓడ చేయిస్తున్న సేటు పొద్దున వచ్చి ఆ సందు చూసి, "రేపే పోటు. చిల్లుతో దించుతావా?" అన్నాడు. సాయంత్రం దాకా ఆగమన్నాను. ఎందుకని అడిగాడు. "మా ఆవిడ రావాలి" అన్నాను. ఎదుటి మనిషితో ఆ మాట అనడం ఇదే మొదలు. ఆయన వెళ్లి నీడలో కూర్చున్నాడు.

నువ్వు వస్తే పేనక్కర్లేదు. పక్కన కూర్చో. నేను పేనుతాను, వదులైతే చెప్పు. కుంకుమ మాత్రం నువ్వే పెట్టు. ఆనవాయితీ ఎవరైనా అడిగితే నేను జవాబు చెబుతాను. రాకపోతే

ఓస్మాన్ కేకేస్తున్నాడు. "మిస్త్రీ, ముంద్రా బస్సు దిగింది వదిన! ఒంటె ఎక్కమంటే నన్నూ తిట్టింది, ఒంటెనీ తిట్టింది. నడిచే వస్తోంది."

ఇవాళ చేసిన పని: దూది, నూనె సిద్ధం చేశాను. ఏడో సందు