దిడ్డి దర్వాజ కాడ యుద్ధం

అక్టోబర్ 7, 1973. ఆదివారం.

పొద్దున మా బావి కాడ నేను, పక్కింటి కోడలు నసీమా. రెండిండ్ల నడుమ గోడకున్న దిడ్డి దర్వాజ తోసుకొని వాళ్ళ మామ ఖాదర్ సాబ్ వచ్చిండు. చేతిల బిందె లేదు, నీళ్ళకు రాలే. యుద్ధం మొదలైందని రేడియోల చెప్పిండ్రట. ఈజిప్టు, సిరియా ఒక దిక్కు, ఇజ్రాయెల్ ఒక దిక్కు. మా మామయ్య నోట్లకెల్లి వేపపుల్ల తియ్యకుండనే — పేపర్ల రాలేదు కద, అన్నడు.

పేపర్ల రానిది మామయ్యకు జరగనట్టే. మా బీదర్‌కు పేపరేమో హైదరాబాద్ బస్సుల ఒక రోజు ఆలస్యంగ వస్తది. రేడియో వాళ్ళింట్ల ఉన్నది.

నసీమా మెల్లగ — ఇగ ఈ ఇద్దరు బావి కాడికెల్లి కదలరు, మన ముచ్చట్లు బంద్ — అన్నది. ఈ ఇంట్ల నేను నోరు తెరిచి మాట్లాడేది ఆమెతోనే, ఈ బావి కాడనే.

అక్టోబర్ 8.

పేపర్ల వచ్చింది. అంటే, జరిగింది.

మామయ్య కండ్లకు పొర. నేనే చదవాలె. ముందట బెల్లం దుకాణం, వెనుక ఇల్లు, నడుమ పరద. పరద వెనుక నిలబడి చదువుత. మామయ్య ముందట నోరు తెరవని కోడలిని... యుద్ధం మాత్రం గట్టిగ చదవాలె, దుకాణంల అందరికి వినబడాలె. నా అయిదో తరగతి చదువు 'ద్వీపకల్పం' కాడ రెండు తాపల ఆగింది. అది ఇడిచిపెట్టు బిడ్డా, ముందు ఎవరు కొట్టిండ్రో అది చదువు, అన్నడు మామయ్య.

అక్టోబర్ 9.

అరుగు మీద వాదన. మామయ్య బెల్లం బుట్టల నడుమ. ఖాదర్ మామ తన పాత పేము మోడా మీద — తహసీలు ఆఫీసుల రిటైర్ అయిన కాడికెల్లి ఆ మోడా ఆయనదే.

మామయ్య అంటడు, ముందు కొట్టింది ఎవరు? వాళ్ళ పండుగ పూట, ఉపాసం ఉన్న యూదుల మీద పడ్డరు కద. రంజాన్ నెల, ఖాదర్ మామ తానే రోజా ఉన్నడు.

అయినా అన్నడు — నువ్వు లెక్క మొన్న శనివారం కాడికెల్లి మొదలువెడుతున్నవు సావుకారు. ఇరవై అయిదేండ్ల కిందికెల్లి మొదలువెట్టు. ఇండ్లు ఇడిచి డేరాలల్ల పడ్డది ఎవరు, పాలస్తీనా వాళ్ళు కాదా?

యూదులను మాత్రం దేశదేశాన తరిమి చంపలేదా, వాళ్ళకు ఒక జాగ వద్దా, అని మామయ్య. కావాలె, కని ఎవరో చంపితే ఇంకెవరో ఇల్లు ఖాళీ చెయ్యాల్నా, అని ఖాదర్ మామ.

హమాలి ఎల్లప్ప నెత్తి మీద మూట పెట్టుకొనే విన్నడు, దించుడే మరిచిపోయిండు.

అక్టోబర్ 10.

ఇయ్యాల సంగతి సమజైంది. ఖాదర్ మామ రేడియోల ఇన్న యుద్ధం మాట్లాడుతడు. మామయ్య నేను చదివిన నిన్నటి యుద్ధం మాట్లాడుతడు. ఒకరి యుద్ధంల ఫౌజు వంతెన దాటింది, ఇంకొకరి యుద్ధంల ఇంక ఒడ్డు మీదనే ఉన్నది. అందుకే కలుస్తలేదు.

అక్టోబర్ 11.

ఖాదర్ మామ అరుగు మీద దేశపటం వేసిండు. చింతగింజలు ఫౌజులు. చాక్‌పీసు గీత సముద్రం. బెల్లం గడ్డలు దేశాలు — పెద్ద గడ్డ ఈజిప్టు, దాని పక్కన చిన్నది సినాయి ఎడారి. ఇజ్రాయెల్‌కు ఒక గడ్డ. పాలస్తీనాకు పెడదామంటే జాగ లేదు. అదే కద నేను చెప్పేది, అన్నడు ఖాదర్ మామ.

మాటల మధ్య మామయ్య సినాయిని నోట్ల వేసుకున్నడు. చూసుకోలే, చెయ్యి అలవాటు.

రోజా ఉన్న ఖాదర్ మామ ఆ నోటి దిక్కే చూసుకుంట — చూసిండ్రా, వాదన నడుస్తుండంగనే మింగిండు — అన్నడు. ఇద్దరూ నవ్విండ్రు. పరద వెనుక నేను కొంగు నోట్ల కుక్కుకున్న. పొద్దుగూకి అత్తమ్మ శనగ గుడాలు ఎప్పటిలెక్కనే దిడ్డి దర్వాజల నుంచి పంపింది, వాళ్ళు రోజా ఇడిచే యాళ్ళకు.

చీమలు మిగిలిన దేశాలను ఎత్తుకపోయినయి.

అక్టోబర్ 13. శనివారం.

చెడిపోయింది.

హళ్ళిఖేడ్ ఊరి రైతులు బెల్లం తెచ్చిండ్రు, తూకం కొరకు మెట్ల మీద కూసున్నరు. మామయ్యకు మంచి ఊపు. నేను పుట్టినప్పుడు నిజాం రాజ్యం, తరువాత హైదరాబాద్ అన్నరు, తరువాత మైసూరు అన్నరు, వచ్చే నెల కర్ణాటక అంటరు — నేను ఈ అరుగు మీదికెల్లి లేవలే, రాజ్యమే నా కింద మారుకుంట పోయింది, నేను ఎవరి మీదనన్న బాంబు వేసిన్నా, అన్నడు. రైతులు నవ్విండ్రు.

ఖాదర్ మామ నవ్వలే. "నిన్ను కూసోనిచ్చిండ్రు సావుకారు. వాళ్ళను కూసోనియ్యలే."

జవాబు దొరకనప్పుడు మామయ్య గొంతు పెరుగుతది. పిల్లల బస్సుల మీద బాంబులు వేసుడు కూడ గరీబోని హక్కేనా, అన్నడు. ఖాదర్ మామ — కాదు, అది పాపం — అన్నడు. మరి ఆ మాట ముందుగాల నీ నోట్లకెల్లి ఎందుకు రాదు? ఇద్దరిది తప్పే, ఇద్దరిది సమానమే... అని మామయ్య.

అప్పుడన్నడు ఖాదర్ మామ. "తరాజు పట్టుకున్నోనికి రెండు పళ్ళాలు ఎప్పుడూ సమానంగనే కనబడుతయి."

రైతులు తరాజు దిక్కు చూసిండ్రు.

బెల్లం యాపారి అరుగు మీద, రైతుల ముందట, ఆ మాట. మామయ్య మొఖం కందగడ్డ అయింది. ఖాదర్ మామ కూడ నాలుక కరుచుకున్నడు, నేను పరద సందుల చూసిన. కని మోడా చంకల పెట్టుకొని వెళ్ళిపోయిండు.

మామయ్య లోపలికి వచ్చి దిడ్డి దర్వాజకు గడియ వేసిండు. ఎన్నడు వెయ్యని గడియ, తుప్పు పట్టి రాలే. రాయి పెట్టి కొట్టి మరీ వేసిండు.

అక్టోబర్ 14.

పొద్దున దర్వాజ చప్పుడు. నసీమా, బిందెతోని. నేను గడియ మీద చెయ్యి వేసిన. మామయ్య మంచం మీదికెల్లి దగ్గిండు. చెయ్యి తీసిన.

అవతల ఇంకొకసారి కొట్టింది. ఆగింది.

బావి మాది. వాళ్ళ దిక్కు బావి లేదు. గడియ కూడ మా దిక్కే, వాళ్ళ దిక్కు ఉత్త చెక్క. మామయ్యకు ఈ సంగతి తోచిందో లేదో. కోపం వచ్చి దర్వాజ మూసిండు, నీళ్ళు మూసిన అనుకోలే... అత్తమ్మ అడిగితే, వచ్చి తరాజు మాట వాపసు తీసుకోమను, అప్పుడే తీస్త, అన్నడు.

అక్టోబర్ 15.

గుడాలు ఎట్ల పోవాలె? దర్వాజ తీయొద్దని హుకుం. అత్తమ్మ — హుకుం దర్వాజకు, బజారుకు కాదు — అని గిన్నె మీద గుడ్డ కప్పుకొని, బజారు తిరిగి, వాళ్ళ గల్లీలకెల్లి పోయింది. గోడ అవతలికి పోవుటానికి సగం బీదర్ తిరగాలె.

జవాబు తెచ్చింది. మాట తప్పే, అన్నడట ఖాదర్ మామ. కని నీళ్ళు బంద్ చేసినోని ఇంటికి పోయి మాఫీ అడిగితే అది మాఫీ కాదు, బిచ్చం. ముందు గడియ తీయమను.

మామయ్య, ముందు మాట తీసుకోమను, అన్నడు.

అత్తమ్మ బియ్యం ఏరుకుంట నాతోని చెప్పింది. ఆ గోడకు ముందు దర్వాజనే లేదట. రజాకార్ల లొల్లిల గోడ పగలగొట్టి మనోళ్ళు అటు పోయి దాక్కున్నరట. పోలీస్ యాక్షన్ అప్పుడు అదే బొక్కలకెల్లి వాళ్ళు ఇటు వచ్చి దాక్కున్నరట. తరువాత బొక్క పూడ్చబుద్ధి కాక దుకాణం పాత తలుపు తెచ్చి పెట్టిండ్రట. గడియ ఎటు ఉన్నదని అప్పుడు ఎవరు చూసిండ్రు... అన్నది.

అక్టోబర్ 17.

మా ఆయన బెల్లం పని మీద పోయి, ఇయ్యాల హళ్ళిఖేడ్ నుంచి వచ్చిండు. అంతా చెప్పిన. బాపు దిక్కు మాట్లాడితే ఖాదర్ మామకు కోపం, అటు మాట్లాడితే బాపుకు కోపం, నేను మన సర్కారు లెక్క, ఎవరి దిక్కు లేను, అన్నడు. అని బావి కాడికి పోయి చల్లటి నీళ్ళు తానం చేసిండు, సబ్బు మంచిగ పెట్టుకొని.

ఎవరి దిక్కు లేనోళ్ళకు నీళ్ళ కరువు లేదు.

అక్టోబర్ 19.

మిద్దె మీద మిరపకాయలు ఎండబోసిన. కిందికి చూస్తే బజారు కొళాయి కాడ నసీమా. వరుస పెద్దగ ఉన్నది. రోజా నోటితోని ఎండల నిలబడ్డది. కొళాయి కాడ కన్నడంల లొల్లి పెట్టుకునే ఆడోళ్ళ నడుమ ఆమెకు మాట రాదు, నాలెక్కనే. వెనుకకు వెనుకకు నూకుతుండ్రు.

చెయ్యి ఊపిన. చూసింది. ఆమె రెండు చేతులు బిందెలకే ఉన్నయి.

అక్టోబర్ 20.

వాదించుటానికి మనిషి లేక మామయ్యకు అన్నం సయిస్తలేదు. ఎల్లప్పతోని మొదలువెట్టిండు. ఎల్లప్ప ఏదన్నా, అవును దొరా, అంటడు. చికాకు. చివరికి ఖాదర్ మామ మాటలు కూడ మామయ్యే అంటుండు — ఇప్పుడు ఖాదర్ ఉంటే ఇట్ల అంటడు, దానికి నేను ఇట్ల అంట...

ఇయ్యాల ఖాదర్ మామ గెలిచిండు. మామయ్య పేపరు ముడిచి పండుకున్నడు.

అక్టోబర్ 24.

పేపర్ల కాల్పులు ఆగినయని వచ్చింది. ఇంత గట్టిగ ఎన్నడు చదవలే. మామయ్య లేచిండు. రాజ్యాలే ఒప్పుకున్నంక మనదేమున్నది, అని దిడ్డి దర్వాజ దిక్కు నడిచిండు. గడియ మీద చెయ్యి పెట్టిండు.

గోడ అవతల రేడియో. మళ్ళ కొట్లాడుతుండ్రని.

మామయ్య చెయ్యి తీసిండు. పేపర్లోళ్ళు అబద్ధాలు రాస్తరు, అన్నడు. నా దిక్కు చూసి, నేనే రాసినట్టు.

అక్టోబర్ 26.

దీపావళి అయిపోయింది. దుకాణంల లక్ష్మీపూజ. ఏటేట మొదటి మిఠాయి పొట్లం ఖాదర్ మామకే. ఈసారి రైతులు వచ్చిండ్రు, గుమాస్తాలు వచ్చిండ్రు, ఆ పొట్లం పక్కకు పెట్టిచ్చి తక్కినయి పంచిండు మామయ్య. ఎవరికి అని ఎల్లప్ప అడిగితే కసిరిండు.

అక్టోబర్ 28. రంజాన్ పండుగ.

నసీమా పెనిమిటి బజారు తిరిగి వచ్చి దుకాణంల షీర్ ఖుర్మా గిన్నె పెట్టి పోయిండు. పండుగ సలాం పెట్టిండు. మామయ్య గిన్నె దిక్కు, గోడ దిక్కు చూసిండు. సేమియాతోని నాకు లొల్లి లేదు, అని తిన్నడు. అడుగు దాక తిన్నడు.

పగటి పూట దుకాణం ఖాళీ. పేపరు చదువుతున్న. శరణార్థులు, బందీలు, మంతనాలు. నడుమల మామయ్య ఆపిండు.

"బిడ్డా, మొదటికెల్లి నువ్వే చదువుతున్నవు. నువ్వు చెప్పు. తప్పు ఎవరిది?"

ఎన్నడు అడగలే నన్ను. పరద పట్టుకున్న. పోనీ తియ్, అంటడేమో అని చూసిన. అనలే.

"అక్కడి తప్పు ఎవరిదో తూచేటంత తెలివి నాకు లేదు మామయ్యా. ఖాదర్ మామ అన్న మాట తప్పే. కని ఈ దర్వాజకు గడియ మన దిక్కే ఉన్నది."

చెప్పినంక నా గొంతు నాకే కొత్తగ ఉండె. లోపలికి ఉరికొచ్చి పొయ్యి ముందట కూసున్న. పొయ్యిల మంట లేదు. ఉత్తగనే కూసున్న.

అక్టోబర్ 29.

మామయ్య పేపరు చదవమనలే.

అక్టోబర్ 30.

అనలే. అత్తమ్మ మాత్రం అన్నంల నెయ్యి ఎక్కువ వేసింది నాకు. ఎందుకో చెప్పలే. ఆయనకు భయం — బాపుతోని ఏమన్నవే నువ్వు?

నవంబర్ 1.

ఇయ్యాలటి సంది కర్ణాటక అట. ఆఫీసుల బోర్డుల మీద మైసూరు కొట్టేసి కొత్త రంగు వేస్తుండ్రని ఎల్లప్ప చెప్పిండు. రంగు ఆరలేదట, చేతికి అంటించుకొని వచ్చిండు.

పొద్దున నీళ్ళు చేదబోతే దిడ్డి దర్వాజ గడియ తీసి ఉన్నది. నేను తియ్యలే. అత్తమ్మ ఒట్టు పెట్టుకున్నది. ఆయనకు అంత ధైర్యం లేదు. గడియకు నూనె కూడ రాసి ఉన్నది.

తలుపు మాత్రం దగ్గరకే ఉన్నది. అటు నుంచి ఎవరు తోయలే. గడియ తీసినట్టు వాళ్ళకు ఎట్ల తెలుస్తది? తెలిసినా... కొళాయి కాడికి నసీమా పోయింది, మిద్దె మీదికెల్లి చూసిన. మనమే పోయి పిలువాలె కద, అన్నది అత్తమ్మ, గట్టిగ, ఎవరికి అన్నట్టు కాకుండ. మామయ్య అంగి తొడుక్కున్నడు. వాకిట్ల నిలబడ్డడు. అంగి ఇడిచిండు.

నవంబర్ 2.

మామయ్య మంచం బావి దిక్కు జరిపిచ్చుకున్నడు. ఎండ మంచిగ వస్తదట. పేపరు చదువు బిడ్డా, అన్నడు. చదివిన. వింటలేడు, దర్వాజ దిక్కే చూస్తుండు.

దర్వాజ కదిలింది. మామయ్య లేచి కూసున్నడు. అంగి గుండీలు పెట్టుకున్నడు. నేను చదువుడు ఆపిన.

పిల్లి.

వాళ్ళింటిది. తోక లేపుకొని వచ్చి బావి గట్టు మీద తడి నాకింది. నేను పోయి దర్వాజ దగ్గరికి వేయబోయిన. మామయ్య వద్దన్నడు.

"ఉండనియ్. అది మళ్ళ ఇంటికి పోవాలె కద."