బెల్టుల రిజిస్టరులో వేలిముద్ర

ప్రమాదం విచారిస్తున్న అధికారి గారికి,

చీపురుపల్లి దగ్గర కడుతున్న వంతెన మీద నుంచి పోయిన నెల పడిపోయిన రాడ్డు పనివాడు త్రినాథ్ భార్యను. మీరు శుక్రవారం విచారణకు వచ్చి, కాంట్రాక్టరు కారులోనే తిరిగి వెళ్లారని విన్నాను. అందుకే ఈ ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకుంటాను.

మా ఆయన ఆసుపత్రిలో ఉన్నారు. ఇంకా మాట రాలేదు. నిన్న సూపర్‌వైజరు నరసింగరావు గారు పళ్లు పట్టుకుని వచ్చి, ఎత్తున పనిచేసేవాళ్లు పడిపోకుండా కట్టుకునే బెల్టుల రిజిస్టరు చూపించారు.

"సూడమ్మా, ఆ పొద్దున్న బెల్టు తీసుకున్నట్టు ఏలిముద్ర ఏసినాడు. కట్టుకోకపోతే మేమేటి సేస్తాం? తప్పు ఆడిదేనని నువ్వు సంతకం పెట్టీ, గొడవొదిలిపోతాది" అన్నారు.

రోజూ క్యారేజీ ఇవ్వడానికి ఆ సైటుకి వెళ్లేదాన్ని. ఒక్కరి నడుముకీ బెల్టు చూడలేదు. అయినా ఆ ముద్రను దగ్గరగా చూశాను. గీతలు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉన్నాయి.

అయ్యా, పదిహేనేళ్లుగా ఇనుము వంచీ వంచీ మా ఆయన వేళ్లన్నీ నున్నగా అరిగిపోయాయి. రేషన్ మిషన్ ఆయన వేలు ఒక్కటీ తీసుకోదు. నెలనెలా బియ్యం నా వేలితోనే తెస్తున్నాం. డీలరు జగ్గమ్మ గారిని అడగండి. "మీ ఆయన్ని పంపకే, నువ్వే రా" అంటుంది.

రిజిస్టరులో ఉన్న వేలు ఎవరిదో ముందు తేల్చండి. అది తేలేదాకా వాళ్ల కాగితం దేనిమీదా సంతకం పెట్టను. ఈ ఉత్తరం కింద మాత్రం పెడుతున్నాను.